చిల్లుకాసు

మా ఊరి ఫైర్ హాలులో, అంటే అగ్నిమాపక కేంద్రంలో, ఛాలెంజ్ కాయిన్ ఇచ్చేటప్పుడు దండలు వేయరు, మైకులో పొగడరు. కెప్టెన్ వచ్చి చెయ్యి కలుపుతాడు. కలిపిన చేతిలోంచి మన అరచేతిలోకి ఒక బరువైన బిళ్ళ జారుతుంది. అంతే. ఈ సంగతి నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. చెప్పలేదు. అరచేతికి చల్లగా నాణెం తగలగానే, ఈ పెద్దాయన నాకు గుట్టుగా డబ్బులిస్తున్నాడనుకున్నాను. మన వైపు అలా చేతిలో చెయ్యి పెట్టి ఇచ్చేది మరేముంటుంది? "అయ్యయ్యో, వద్దండీ, వద్దు" అని తెలుగులోనే అనేసి దాన్ని తిరిగి ఆయన చేతిలోకే తోశాను. హాలంతా ఒక్కటే నవ్వు. ఆయన మాత్రం నవ్వలేదు. ఆ బిళ్ళను నా ముందు బల్ల మీద పెట్టి, "దీంతో నువ్వు ఏమీ కొనలేవు. మాలో మనిషివని గుర్తు, అంతే" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

అసలు నేనా హాలులో చేరిందే కోపంతో. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, దాచుకోవడం ఎందుకు. మేముండేది కెనడాలో, సస్కటూన్‌కు కారులో నలభై నిమిషాల దూరంలో ఉన్న చిన్న ఊరు. మసూర్ పప్పు శుభ్రం చేసి ఎగుమతి చేసే ప్లాంటులో నేను నాణ్యత చూస్తాను. మా ఆయన ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. ఇంత చిన్న ఊళ్ళకు జీతం తీసుకునే ఫైర్ సిబ్బంది ఉండరు. మెకానిక్కో, టీచరో, రైతో, ఎవరి పనిలో వాళ్ళుండగా పేజరు మోగుతుంది, ఉన్నపళంగా పరుగెత్తుతారు. ఒకసారి ఊరి మీటింగులో ఒకతను లేచి, మనుషులు చాలడం లేదు, ఎవరైనా ముందుకు రమ్మని అడిగాడు. అడుగుతూ గదిలో అందరి మొహాలూ చూశాడు గాని నా దగ్గరికొచ్చేసరికి ఖాళీ కుర్చీని దాటినట్టు దాటేశాడు. నాకు ఒళ్ళు మండింది. చెయ్యెత్తాను. ఒళ్ళు మండి మంటలార్పడానికి చేరింది ఈ దేశం మొత్తం మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను.

చేరాక తెలిసింది ఎంత బరువైన పనో. నీళ్ళు నిండిన గొట్టం లాగుతుంటే భుజాలు ఊడొచ్చేవి. ఆ కోటు, బూట్లు, వీపు మీద గాలి సిలిండరు వేసుకుని నిచ్చెన ఎక్కుతుంటే తలప్రాణం తోకకొచ్చేది. మానేస్తానని వారానికోసారి అనుకునేదాన్ని. మానేస్తే ఆ మీటింగులో నన్ను దాటేసినవాడి చూపు నిజమైపోతుందని మళ్ళీ వెళ్ళేదాన్ని. ఏడాది తిరిగాక ఆ కాయిన్ వచ్చింది.

ఇక దాని మర్యాదలు. అది ఎప్పుడూ మన ఒంటి మీద ఉండాలి. స్నానానికి వెళ్ళినా ఒక అడుగేసి చెయ్యి చాస్తే అందాలి. ఎవరైనా ఎప్పుడైనా తన కాయిన్ తీసి బల్ల మీద టకామని కొట్టొచ్చు. దాన్ని కాయిన్ చెక్ అంటారు. మిగతా అందరూ తమ తమ కాయిన్లు తీసి బల్ల మీద పెట్టాలి. లేనివాళ్ళు అందరికీ తాగడానికి పోయించాలి. అందరి దగ్గరా ఉంటే అడిగినవాడే పోయించాలి. పేజరు ఎప్పుడు మోగుతుందో తెలీదు కనుక మా హాలులో మందు లేదు, కాఫీ, దానితో 'పై' అని పళ్ళు పెట్టి కాల్చే తీపి రొట్టె ముక్క. చూపించమంటే కాయిన్ చేతికివ్వకూడదు, బల్ల మీద పెట్టాలి. చేతికిస్తే ఇచ్చేసినట్టే. ఈ నియమం నాకు రెండోసారి చెప్పనక్కర్లేకపోయింది. ఉప్పు చేతికిస్తే గొడవలొస్తాయని, గిన్నె కింద పెడితేగాని తీసుకోని ఇంట్లో పెరిగినదాన్ని.

అన్నిటికన్నా గట్టి నియమం ఒకటుంది. కాయిన్‌కు చిల్లు పెట్టకూడదు. మా హాలులో మెకానిక్ ఒకడు తన కాయిన్‌కు రంధ్రం వేయించి తాళాల గుత్తికి తగిలించుకున్నాడు. చెక్ వచ్చినప్పుడు దర్జాగా గుత్తి మొత్తం బల్ల మీద పెట్టాడు. కెప్టెన్ దాన్ని అటూ ఇటూ తిప్పి, "తాళాల గుత్తి బాగుంది. మరి కాయిన్ ఏదీ?" అన్నాడు. మెకానిక్ అందరికీ కాఫీ పోశాడు. "చిల్లు పెడితే అది నగ. నగను వేసుకుంటాం, కాయిన్‌ను మోస్తాం" అని కెప్టెన్ ఆ రోజు చెప్పిన మాట మాకు శాసనం. అప్పుడు నేనూ మెకానిక్‌ను చూసి కడుపుబ్బ నవ్వాను. నవ్విన నాపచేనే పండుతుందని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

మొన్న ఏప్రిల్‌లో మా అత్తగారు, ఇక్కడున్న పిల్లల దగ్గర ఏళ్ళ తరబడి ఉండనిచ్చే సూపర్ వీసా మీద వచ్చారు. కాకినాడ మనిషి, ఏదీ ఊరికే వదిలిపెట్టే రకం కాదు. ఇక్కడి పొలాల్లో మసూర్ పప్పు పండుతుందంటే నమ్మలేదు. ప్లాంటుకు తీసుకెళ్ళి చూపిస్తే, "మా బజారులో కొట్టువాడు మనదేనని అమ్ముతున్నాడే, దొంగసచ్చినోడు" అని అక్కడే తిట్టారు. నన్ను మొదటిసారి ఆ కోటూ హెల్మెట్టులో చూసి, "ఇదేం వేషమే" అన్నారు. వెళ్ళొద్దని మాత్రం ఒక్కనాడూ అనలేదు. నేను విననని తెలుసు. ఫోన్లో వాళ్ళ చెల్లెలితో, నాకు వినబడేంత గొంతుతో, "ఇంట్లో మగాడు కూర్చునుంటాడు, ఇది మంటల్లోకి పోతుంది" అనేవారు. నేను తిరిగొస్తే తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసి, "కాళ్ళు కడుక్కో, అన్నం పెడతా" అనేవారు. ఆ చూపు నాకు నచ్చేది కాదు. కోడలు చేసే పని ఈవిడకు నామోషీ అనుకునేదాన్ని.

జూన్‌లో ఒక శనివారం నాకు ప్లాంటులో డ్యూటీ పడింది. ప్యాంటు మార్చుకునే తొందరలో కాయిన్ పాత ప్యాంటు జేబులో మరిచిపోయాను. బట్టలు మెషిన్లో వేసే ముందు ప్రతి జేబూ తిరగేయడం మా అత్తగారి అలవాటు. బిళ్ళ దొరికింది. ఇదేమిట్రా అని కొడుకును అడిగారు. మా ఆయన స్క్రీను మీంచి కళ్ళు తిప్పకుండా, "ఫైర్ హాలు వాళ్ళిచ్చారమ్మా. ఎప్పుడూ ఒంటి మీదే ఉంచుకోవాలట" అన్నాడు. ఆ మాట దగ్గర ఆగిపోయాడు మహానుభావుడు. తక్కిన నియమాలన్నీ నేను వందసార్లు చెప్పాను, ఒక్కటైనా చెవికెక్కితే కదా. ఆ బిళ్ళకు ఒక పక్క మా ఊరి ధాన్యం గోదాము బొమ్మ. రెండో పక్క ఎవరో పాతకాలపు సాధువు, మండుతున్న ఇంటి మీద కుండతో నీళ్ళు పోస్తుంటాడు. "వీడెవడో వానదేవుడు" అని మా అత్తగారు తేల్చుకున్నారు. దేవుడి బిళ్ళ, పైగా ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలంటున్నారు. అలాంటిది ప్యాంటు జేబులో ఏమిటి, మెడలో ఉండాలి గాని. గ్యారేజీలో డ్రిల్లింగ్ మెషిన్ ఉంది, మాట కాదనలేని కొడుకు ఉన్నాడు.

నేను ఇంటికొచ్చేసరికి కాయిన్ దేవుడి గూట్లో ఉంది. సాధువు తలకు సరిగ్గా పైన చిల్లు, అందులోంచి నల్లతాడు, బిళ్ళంతా పసుపు. నాకు నోట మాట రాలేదు. తర్వాత వచ్చింది.

"ఏం చేశారు అత్తయ్యా ఇది? ఎవర్నడిగి చేశారు?"

"ఎవర్నడగాలే? మంటల్లోకి పోయేదానివి, నీ మెడలో వేసుకోవడానికేగా."

"దీనికి చిల్లు పెట్టకూడదు! చిల్లు పడితే ఇది ఎందుకూ పనికిరాదు! నా ఏడాది కష్టం ఇది, తెలుసా మీకు?"

"బంగారం కాసుకే చిల్లు పెట్టి పేరు గుచ్చుకుంటాం. ఇత్తడి బిళ్ళకేం పోయింది?"

"మీకు తెలీని దాంట్లో వేలు పెట్టకపోతే ఏం, చేతులు ఊరుకోవా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆవిడ మొహం చిన్నబోయింది. వంటింట్లోకి వెళ్ళిపోయారు. మా ఆయన తేలు కుట్టిన దొంగలా గ్యారేజీ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆవిడ మీద చూపగా మిగిలిన కోపమంతా అతని మీద వడ్డించాను. "అమ్మ చెబితే కాదనలేకపోయా" అన్నాడు. "నేను చెబితే మాత్రం ఎలా కాదంటావో!" అన్నాను.

రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. చల్లారాక ఆలోచిస్తే ఆవిడ తప్పేమీ కనబడలేదు నాకు. మా అమ్మమ్మ కాసులపేరు నేనూ చూశాను. మనకు నాణెం అపురూపమైతే దానికి చిల్లు పెట్టి ఒంటికి తగిలించుకుంటాం. వీళ్ళకు అపురూపమైతే చిల్లు పెట్టనివ్వరు. ఇద్దరూ చేస్తున్నది మర్యాదే. మధ్యలో నలిగింది నా కాయిన్. మూడోనాడు పొద్దున గూట్లోంచి ఆ తాడు తీసి మెడలో వేసుకుని భోజనానికి కూర్చున్నాను. మా అత్తగారు చూశారు. నా అన్నంలో నెయ్యి రెండుసార్లు వేశారు.

ఇంట్లో సంధి కుదిరిందని సంతోషించేలోపే హాలు నుంచి కబురొచ్చింది. కెప్టెన్ పదవి దిగిపోతున్నాడు. జూలైలో ఒక ఆదివారం మధ్యాహ్నం హాలులోనే భోజనాలు, ఇంటిల్లిపాదీ రావాలి. ఆయన వెళ్ళే రోజు కాయిన్ చెక్ పెట్టకుండా వెళ్ళడు. నన్ను కుర్చీలా చూడకుండా మనిషిలా చూసిన మొదటివాడు ఆయన. చివరి రోజున ఆయన ముందు ఈ చిల్లుకాసు పెట్టి, మీరిచ్చిన దాన్ని ఇలా పాడుచేశానని చూపించాలా? అందరూ మెకానిక్‌ను చూసి నవ్వినట్టు నన్ను చూసి నవ్వితే ఫరవాలేదు. ఆయన మొహంలో 'ఈమెకు అర్థం కాలేదు' అన్న భావం ఒక్క క్షణం కనబడినా నేను తట్టుకోలేను.

మా నీళ్ళ ట్యాంకర్ నడిపే ఆవిడకు నాతో చనువెక్కువ. ఆవిడతో మొరపెట్టుకున్నాను. కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వి, హాలు బీరువా తెరిచి ఒక కొత్త కాయిన్ తీసి బల్ల మీద పెట్టింది. "మిగిలినవి ఉన్నాయి. ఆయనకు తెలియనక్కర్లేదు" అంది. తీసుకున్నాను. దొంగతనం చేసినట్టే ఉంది. ఆ మెరుపు, ఆ నున్నటి అంచు చూస్తే నాది అనిపించలేదు. నా మొదటి గడ్డిమంట నాడు నా జేబులో ఉన్నది ఇది కాదు. అయినా చేతులు కాలాక ఆకులు పట్టుకోక ఏం చేస్తాం? ఇంట్లో మెడలో పాతది, హాలులో జేబులో కొత్తది అని లెక్క వేసుకున్నాను.

మా అత్తగారు కూడా హాలుకే వస్తారన్న సంగతి ఆ లెక్కలో మరిచిపోయాను.

ఆ ఆదివారం పడమటనున్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలోని అడవుల మంటల పొగ మా దాకా వచ్చి ఎండ పసుపుపచ్చగా ఉంది. ఫైర్ ట్రక్కులు బయట నిలబెట్టి, లోపల పొడుగు బల్లలు వేశారు. బన్నులు, హామ్ అనే పంది మాంసం, బంగాళదుంప సలాడ్, నాలుగు రకాల పైలు. మా అత్తగారు వెంకటగిరి చీర మీద స్వెటర్, కింద స్పోర్ట్స్ షూస్ వేసుకుని, పొద్దుటి నుంచి వండిన గారెలు డబ్బాతో సహా మధ్యలో పెట్టారు. మెకానిక్ నాలుగు తిన్నాడు. నేను మాత్రం ఒక చెయ్యి జేబు మీద, ఒక చెయ్యి మెడ మీద, కుడితిలో పడ్డ ఎలుకలా కూర్చున్నాను.

పై ముక్కలు కోయబోతుండగా టకామని శబ్దమైంది. కెప్టెన్ తన కాయిన్ బల్లకేసి కొట్టి చుట్టూ చూశాడు. ఒకటి తర్వాత ఒకటి కాయిన్లు బల్ల మీద పడ్డాయి. ట్యాంకర్ ఆవిడ నాకు కన్ను గీటింది. నేను జేబులో చెయ్యి పెట్టాను. కొత్త కాయిన్ వేళ్ళకు తగిలింది. ఎదురుగా మా అత్తగారు కూర్చున్నారు. ఏం జరుగుతోందో ఆవిడకు తెలీదు గాని, అందరూ బిళ్ళలు తీస్తున్నారని మాత్రం అర్థమైంది. నా వైపు చూసి, తన మెడ మీద వేలు పెట్టి, 'నీది ఇక్కడుందే, తీయవేం' అని సైగ చేశారు. ఎంత సంబరమో ఆ మొహంలో! తను చేయించినది పదిమందిలో చూపించే సమయం వచ్చిందని.

జేబులోంచి చెయ్యి ఖాళీగా తీశాను. మెడలోంచి నల్లతాడు లాగి, పసుపు మరకతో సహా, బల్ల మీద పెట్టాను.

కెప్టెన్ లేచి వచ్చి, వంగి చూశాడు.

"నగ బాగుంది. మరి కాయిన్ ఏదీ?"

"ఇదే నా కాయిన్. చిల్లు మా అత్తగారు వేయించారు. నేను మంటల్లోకి వెళ్తాను గనుక మెడలో ఉండాలన్నారు. ఓడిపోయాను, కాఫీ నాదే" అన్నాను. తల దించలేదు.

ఆయన ఆ తాడు వైపు చూసి, "నియమం నియమమే" అని తన చోటుకు వెళ్ళిపోయాడు. మెకానిక్ ఈల వేశాడు. నాకు చెవులు వేడెక్కాయి. చిత్రమేమిటంటే, అంత తేలిగ్గా నాకు ఆ నెలలో ఎప్పుడూ లేదు. ట్రే తీసుకుని కాఫీలు పంచడం మొదలుపెట్టాను.

"నువ్వెందుకు పంచుతున్నావే? వీళ్ళకు చేతుల్లేవా?" అన్నారు మా అత్తగారు.

"ఓడిపోయానత్తయ్యా. బిళ్ళకు చిల్లుంటే లెక్కలోకి రాదు, పందెం ఓడినట్టే."

"ముందే చెప్పొచ్చుగా?"

"చెప్పానుగా! ఇల్లెగిరిపోయేలా అరిచి మరీ చెప్పాను."

"అరిచావు. చెప్పలేదు."

నిజమే. ఆవిడ కొంగు దోపుకుని, "చిల్లు పెట్టించింది నేను, పంచాల్సిందీ నేనే" అని రెండో ట్రే అందుకున్నారు. ఇద్దరం చెరో వరుసా పంచాం. ఆవిడ ప్రతివాడికీ కాఫీతో పాటు బలవంతాన ఇంకో గారె వేశారు. వద్దన్నవాడికి రెండు వేశారు.

అందరికీ అయ్యాక ఆవిడ కూర్చున్నారు. కెప్టెన్ తన కప్పు పట్టుకుని వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. తన కాయిన్ తీసి ఆవిడ ముందు బల్ల మీద పెట్టాడు. అంచులు అరిగిపోయి, బొమ్మ సగం చెరిగిపోయిన పాత కాయిన్.

"దీనికీ అలాగే చేసిపెడతారేమో అడుగు" అన్నాడు నాతో.

నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. "చిల్లు పడితే ఇక ఇది కాయిన్ కాదు, మీరే కదా చెప్పారు" అన్నాను.

"రేపట్నుంచి నాకు కాయిన్ అక్కర్లేదు" అన్నాడు. "మా అమ్మాయి మే నెల నుంచి బ్రిటిష్ కొలంబియాలో ఉంది, అడవి మంటలార్పే సిబ్బందిలో. కొన్నిసార్లు నాలుగైదు రోజులు ఫోను కూడా కలవదు. దాని మెడలో వేస్తాను."

ఆ మాటలన్నీ మా అత్తగారికి తెలుగులో చెప్పాను. ఆవిడ ఆ పాత బిళ్ళను చేతిలోకి తీసుకుని, కొంగుతో తుడిచి, అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. మంగళవారం వద్దు, బుధవారం చేయిస్తానని చెప్పమన్నారు. చెప్పాను. తర్వాత తలెత్తకుండానే, "పిల్ల వెళ్ళినప్పట్నుంచీ ఈయనకు నిద్ర పడుతోందా అడుగు" అన్నారు.

అడిగాను. ఆయన కప్పులోకి చూస్తూ అడ్డంగా తలూపాడు.

"నాకూ అంతే అని చెప్పు" అన్నారు మా అత్తగారు.

ఆవిడేమన్నారో చెప్పమన్నట్టు కెప్టెన్ నా వైపు చూస్తున్నాడు.

"ఈవిడకూ నిద్ర పట్టడం లేదట" అన్నాను.

"ఎవరి గురించి?" అని అడిగాడాయన.

"నా గురించి" అన్నాను.